ఎనిమిది నెలల పాప, పన్నెండు రోజులు వచ్చిన డబ్బా: ఒక కేస్ స్టడీ

ఈ కేసులో ఊరు, తల్లిదండ్రుల ఉద్యోగాలు, పేర్లు, తేదీలు వదిలేశాం. తెలంగాణలోని ఒక చిన్న పట్టణం, పిల్లల డాక్టరు పంపితే పోషకాహార సలహాకు వచ్చిన కుటుంబం, అంతవరకు చాలు. "కొన్నది మంచిదా, ఇంట్లో చేసింది మంచిదా" అని రోజూ ఎవరో ఒకరు అడిగే ప్రశ్నే ఈ తల్లీ అడిగింది. ఆ ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పడం వల్లే మొదటి పది రోజులు వృథా అయ్యాయి. కేసు రాయడానికి కారణం అదే.

నేపథ్యం

పాప నెలలు నిండి పుట్టింది, పుట్టిన బరువు 2.8 కిలోలు. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మరేమీ ఇవ్వలేదు. ఏడో నెల పడగానే అన్నప్రాశన చేశారు. అప్పటికి బరువు 6.9 కిలోలు. ఆ వయసు ఆడపిల్లల మధ్యస్థ బరువు 7.3 కాబట్టి కొంచెం తక్కువే అయినా చింతించాల్సిన బరువు కాదు. ఏడు నెలలకు 7.0 కిలోలు. ఎనిమిది నెలలకూ 7.0 కిలోలే. ఎదుగుదల కార్డులో గీత పైకి వెళ్లాల్సిన చోట పడుకుంది.

అన్నప్రాశన అయిన రెండు వారాలకు తల్లి ఉద్యోగానికి వెళ్లడం మొదలుపెట్టింది. పొద్దున, సాయంత్రం, రాత్రి తల్లిపాలు. పగలంతా పాప నానమ్మ దగ్గర. ఇంట్లో అందరూ గుడ్డు, మాంసం తింటారు.

నానమ్మ మొదట ఉగ్గు పిండి చేసింది. బియ్యం, గోధుమలు, రాగులు, జొన్నలు, పొట్టు పెసలు, కందిపప్పు, శనగలు, బాదం, జీడిపప్పు, వాము, యాలకులు... మొత్తం పదిహేను రకాలు. వారానికి రెండుసార్లు వస కొమ్ము అరగదీసి నాకించేది. నెల తిరిగినా బరువు పెరగకపోవడంతో తల్లి మందుల షాపు నుంచి శిశు ఆహారం డబ్బా తెచ్చింది. అక్కడ మొదలైంది ఇంట్లో గొడవ. ఏడున్నర నెలలప్పుడు పాపకు నాలుగు రోజులు విరేచనాలయ్యాయి. "డబ్బా తిండి వల్లే" అని నానమ్మ, "ఆ పదిహేను రకాల పిండి వల్లే" అని తల్లి.

వచ్చిన సమస్య

తల్లి మాట ఉన్నదున్నట్టు: "ఏదో ఒకటి చెప్పండి మేడమ్. డబ్బాదా, ఇంటిదా? మీరు చెప్తే ఇంట్ల గొడవ ఆగుతది."

పాప హుషారుగా ఉంది, కూర్చుంటోంది, వస్తువు అందుకుంటోంది. అరచేతులు, కింది కనురెప్ప లోపలి వైపు పాలిపోయి ఉన్నాయి. హిమోగ్లోబిన్ 9.4, అంటే రక్తహీనత ఉంది. ఆశా కార్యకర్త ఇచ్చిన ఐరన్ సిరప్ సీసా ఇంట్లో ఉంది గానీ, పళ్లు నల్లబడతాయని మూత తీయలేదు.

ముందు అడగాల్సింది

"రోజుకు ఎంత పెడుతున్నారు?" అని అడిగితే ఎవరైనా "బాగానే పెడుతున్నాం" అంటారు. అది అబద్ధం కాదు, పెట్టే మనిషికి నిజంగా అలాగే కనిపిస్తుంది. అందుకని "డబ్బా ఎన్ని గ్రాములది? ఎన్ని రోజులు వచ్చింది?" అని అడిగాం. 300 గ్రాముల డబ్బా, పన్నెండు రోజులు వచ్చిందట. అంటే రోజుకు 25 గ్రాములు, పూటకు పన్నెండు, పదమూడు గ్రాములు. ఆ డబ్బా మీద ఒక పూటకు రాసిన కొలత 150 మిల్లీలీటర్ల నీటికి 50 గ్రాములు. నాలుగో వంతు పడుతోందన్నమాట.

ఎందుకంటే రెండు కారణాలు. డబ్బా ధర మూడు వందల రూపాయల దాకా. రాసిన కొలతతో రోజుకు రెండు పూటలు పెడితే మూడు రోజుల్లో ఖాళీ, నెలకు పది డబ్బాలు. ఆ ఇంటికి అది మోయలేని ఖర్చు, తల్లి తనకు తెలియకుండానే పొదుపు చేసింది. రెండోది పాలసీసా. నానమ్మ దాన్ని సీసాలో పోసి తాగించేది. రాసిన కొలతతో కలిపితే నిపుల్ రంధ్రంలోంచి రాదు, పల్చన చేయాల్సిందే.

ఉగ్గుదీ అదే కథ. నానమ్మను ఇంట్లో ఎలా చేస్తారో అలాగే చేసి చూపించమన్నాం. రెండు చెంచాల పిండి, అంటే ఆరు గ్రాములు, గ్లాసు నీళ్లలో కాచి, చిన్న బెల్లం ముక్క వేసింది. చెంచా ముంచి ఎత్తితే బియ్యం కడిగిన నీళ్లలా జారింది, చెంచా వీపు మీద పూత కూడా నిలవలేదు. "గట్టిగ పెడితే గొంతుకు పట్టుకుంటది బిడ్డా, పల్చగ ఉంటేనే అరుగుతది" అంది. ఆవిడ నలుగురు పిల్లల్ని పెంచిన మనిషి. ఆ భయం ఊరికే పుట్టింది కాదు.

లెక్క వేశాం. ఆరు గ్రాముల పిండికి 20 కిలో కేలరీలు, బెల్లానికి ఇంకో 20. గ్లాసుడు ఉగ్గుకు 40. డబ్బాది పూటకు 50, రెండు పూటలకు 100. రోజు మొత్తం మీద అర లీటరు ద్రవం, 140 కిలో కేలరీలు. అదే అర లీటరు తల్లిపాలయితే 330 దాకా ఉంటాయి, ఎందుకంటే 100 మిల్లీలీటర్ల తల్లిపాలలో 65 నుంచి 70 ఉంటాయి. ఏడు కిలోల పాప పొట్టలో ఒకసారికి పట్టేది రెండు వందల మిల్లీలీటర్ల చుట్టూ. ఆ పొట్టను తల్లిపాలకంటే పల్చని దానితో నింపితే, సాయంత్రం తల్లి వచ్చేసరికి పాపకు పాలు తాగాలన్న ఆకలి కూడా పూర్తిగా ఉండదు. అదనపు ఆహారం అదనంగా చేరడం లేదు. ఉన్నదాన్ని పక్కకు తోసేస్తోంది.

ఆరు నుంచి ఎనిమిది నెలల మధ్య తల్లిపాలు కాక బయటి ఆహారం నుంచి రోజుకు సుమారు 200 కిలో కేలరీలు, తొమ్మిది నుంచి పదకొండు నెలల మధ్య 300 అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఇక్కడ కొన్నదీ చాలలేదు, ఇంటిదీ చాలలేదు.

విరేచనాలకు కారణం పిండో డబ్బానో కానక్కర్లేదు. సీసాను రోజుకు ఒక్కసారి మరిగిస్తున్నారు, మిగతా సార్లు నీళ్లతో తొలిచి వాడుతున్నారు. మిగిలిన తిండి సీసాలోనే మూడు గంటలు ఉంచి మళ్లీ తాగిస్తున్నారు. నిపుల్‌ను తిరగేసి చూస్తే లోపలి అంచున తెల్లటి జిగురు పొర కనిపించింది.

మొదటి ప్రయత్నం, అది ఎందుకు పోయింది

మేం ఇచ్చిన సలహా పుస్తకం ప్రకారం సరైనదే. డబ్బా ఆపండి, సీసా ఆపండి, బెల్లం ఆపండి. బియ్యం, పెసరపప్పు జావ గట్టిగా కాచి, నెయ్యి వేసి, గిన్నె చెంచాతో పెట్టండి.

పదో రోజున తూచితే 6.95 కిలోలు.

పాప నోరు తెరవలేదు. తెరిచినా నాలుకతో బయటికి నెట్టేసింది. మూడో రోజుకు నానమ్మ జావలో నీళ్లు పోసి మళ్లీ సీసాకెక్కించింది. ఆమెను తప్పుబట్టడానికి లేదు. ఆకలితో ఏడ్చే పిల్లను ఎత్తుకుని కూర్చున్నది ఆమె ఒక్కతే, మేం కాదు.

పొరపాటు మా వైపు రెండు రకాలుగా జరిగింది. రుచి, చిక్కదనం, గిన్నె, మూడూ ఒకే రోజు మార్చాం. నెల రోజులుగా తీపికి, పీల్చడానికి అలవాటైన పాపకు తీపి లేనిది, ముద్దగా ఉన్నది, చెంచాతో వచ్చేసరికి అది తిండి అనే తెలియలేదు. రెండోది, సలహా అంతా తల్లికి చెప్పాం, పగలు పెట్టేది నానమ్మ. రెండో విడత నుంచి ఆవిడ లేకుండా మాట్లాడలేదు.

రెండో ప్రయత్నం: ఏది ముందు మార్చాలి

మూడింటిలో మొదట మార్చాల్సింది గిన్నె అని నిర్ణయించాం. సీసా ఉన్నంతకాలం తిండి చిక్కబడదు, పైగా విరేచనాల దారి మూసుకోదు. రుచిని ముట్టుకోలేదు. అదే డబ్బా, అదే తీపి, కానీ రాసిన కొలతతో కలిపి ఉగ్గుగిన్నెలో, చిన్న చెంచాతో. డబ్బా తీపి మీద మాకు అభ్యంతరం ఉంది, రెండేళ్లలోపు పిల్లల తిండిలో చక్కెర కలపకూడదు. అయినా వారం పది రోజుల తీపి కంటే సీసాలోని జిగురు పొర ప్రమాదకరం. ఆ వరుసలో ఆలోచించాం.

పాప గిన్నెకు నాలుగు రోజుల్లో అలవాటు పడింది. రుచి తెలిసినదే కావడం సాయం చేసింది. ఆ తరువాత మూడు రోజులకొకసారి నాలుగో వంతు చొప్పున డబ్బా పొడి తగ్గించి, విడిగా కాచిన ఇంటి జావ కలుపుతూ వచ్చాం. పొడిని ఇంటి పిండితో కలిపి వేడినీళ్లు పోయకూడదని గట్టిగా చెప్పాలి. డబ్బా పొడి ముందే ఉడికించి ఆరబెట్టినది, ఇంటి పిండి వేయించినా పొయ్యి మీద ఉడకాల్సిందే.

పిండి మార్చాం. పదిహేను రకాలు పక్కన పెట్టి రెండే రకాలు: రెండు వంతులు బియ్యం, ఒక వంతు పొట్టు తీసిన పెసరపప్పు. రకాలు ఎక్కువైతే ఒంటి మీద దద్దురు వచ్చినప్పుడు దేనివల్లో తేలదు. బాదం, జీడిపప్పు నూనెగింజలు కాబట్టి పొడి నిలవ ఉంటే పాత నూనె వాసన వస్తుంది. పొట్టు గింజలు పీచు పెంచుతాయి, ఇనుము ఒంటబట్టకుండా అడ్డుకునే ఫైటేట్లు పొట్టులోనే ఎక్కువ. వస పూర్తిగా మాన్పించాం, అందులోని అసరోన్ అనే పదార్థం చంటిపిల్లలకు మంచిది కాదు.

బియ్యం, పప్పు విడివిడిగా కడిగి, నీడలో బట్ట మీద ఆరబెట్టి, విడివిడిగానే సన్న సెగ మీద వేయించాలి. కలిపి వేయిస్తే పప్పు మాడేసరికి బియ్యం పచ్చిగానే ఉంటుంది. సన్న రవ్వలా పట్టి, పూర్తిగా చల్లారాక గాజు సీసాలో పోయాలి. వేడిగా మూత పెడితే లోపల చెమ్మ పట్టి పది రోజుల్లో ఉండలు కడుతుంది. పదిహేను రోజులకు మించి చేయొద్దు.

గట్టిగా ఉండాలి, జారుగానూ ఉండాలి

నానమ్మ భయానికి జవాబు వాదనతో దొరకదు. 20 గ్రాముల పిండి, అంటే ఏడు సమానపు చెంచాలు, 150 మిల్లీలీటర్ల నీళ్లలో ఉడికిస్తే చల్లారేసరికి నిజంగానే ముద్ద కడుతుంది, గిన్నె బోర్లించినా పడదు. నీళ్లు పోస్తే జారుతుంది గానీ సత్తువ పోతుంది. ఇక్కడ పనికొచ్చేది మొలకెత్తిన రాగుల పిండి. మొలకెత్తేటప్పుడు గింజలో అమైలేజ్ అనే ఎంజైమ్ తయారై పిండిపదార్థాన్ని చిన్న ముక్కలుగా కోస్తుంది. అర చెంచా వేస్తే ముద్ద జావగా మారుతుంది, ఒక్క చుక్క నీరు కలపకుండా.

తొలిసారి ఆ పిండి పనిచేయలేదు. నానమ్మ రాగులు చక్కగా మొలకెత్తించింది, ఎండబెట్టింది, తరువాత కమ్మటి వాసన కోసం ఎర్రగా వేయించింది. ఎక్కువ వేడికి ఎంజైమ్ చచ్చిపోతుంది. మిగిలింది మామూలు రాగి పిండే, జావ ఇంకా గట్టిపడింది. తప్పు ఆమెది కాదు, "వేయించి పట్టండి" అన్న మా మాటలో ఎంత వేడి అన్నది లేదు.

రెండోసారి ఇలా చేశారు. రాగులు కడిగి, రాత్రంతా నానబెట్టి, తడి బట్టలో మూటగట్టి, ఒకటిన్నర రోజు మొలకెత్తించారు. మధ్యలో రెండుసార్లు బట్ట తడపాలి. మూట విప్పగానే పుల్లటి వాసన గానీ, నల్లటి బూజు గానీ ఉంటే మొత్తం పారేయాలి, వానాకాలంలో ఇది తరచుగా అవుతుంది. ఎండలో గలగలలాడేదాకా ఆరబెట్టి, చేతులతో నలిపి మొలకలు రాల్చి, వేయించకుండా పట్టించారు.

జావ ఉడికాక దించి, గిన్నె అంచు వేలితో తాకి క్షణం సేపు ఓర్చుకోగలిగినంత వేడికి వచ్చాక అర చెంచా కలిపారు. ఉడుకుతున్నప్పుడు వేస్తే ఎంజైమ్ నశిస్తుంది, పూర్తిగా చల్లారాక వేస్తే పని నెమ్మదిస్తుంది. మొదటి నిమిషం ఏమీ కాలేదు. నానమ్మ చెంచాతో తిప్పుతూనే ఉంది. మూడో నిమిషంలో చెంచా తేలికపడింది. ఐదో నిమిషానికి చెంచా ఎత్తితే తెగకుండా పట్టులా జారింది, చెంచా వీపు మీద మాత్రం మందంగా పూత నిలిచింది. ఆ తరువాత మళ్లీ పొయ్యి మీద పెట్టి ఒక్క నిమిషం తెర్లనిచ్చారు. మొలకల పిండి పచ్చిది, అందులో సూక్ష్మజీవులు ఉంటాయి, ఈ మెట్టు దాటేయడానికి వీల్లేదు. చివర్లో చెంచా నెయ్యి.

ఇప్పుడు లెక్క: పిండికి 70, మొలకల పిండికి 5, నెయ్యికి 40. సుమారు 120 మిల్లీలీటర్లలో 115 కిలో కేలరీలు. మునుపు గ్లాసుడు ఉగ్గులో 40. ఆ రోజు నుంచి పలచన చేసే మాట నానమ్మ ఎత్తలేదు.

ఇనుము దగ్గర ఇంటి తిండి ఓడిపోయే చోటు

ఇక్కడ నిజం దాచకూడదు. ఇంటి పిండి ఎంత బాగా చేసినా ఆరు నెలలు దాటిన బిడ్డకు కావలసిన ఇనుము దాని ఒక్కదానితో అందడం కష్టం. పుట్టేటప్పుడు తెచ్చుకున్న నిల్వలు ఈ వయసుకు అయిపోతాయి, తల్లిపాలలో ఇనుము చాలా తక్కువ, రాగులలో ఉన్నదీ సరిగా ఒంటబట్టదు. డబ్బా ఆహారంలో ఇనుము కలిపి ఉంటుంది. ఆ ఒక్క గుణం కోసమే రోజుకు ఒక పూట డబ్బాను ఉంచాం. చక్కెర కలపని రకానికి మార్పించాం. కొనేటప్పుడు డబ్బా ముందువైపు చూడొద్దు, వెనకవైపు పదార్థాల వరుసలో చక్కెర ఉందా, ఎన్నో స్థానంలో ఉంది, 100 గ్రాములకు ఇనుము ఎన్ని మిల్లీగ్రాములు, ఈ మూడూ చూడమని తల్లికి చూపించాం. మన దేశంలో రెండేళ్లలోపు పిల్లల ఆహారానికి ప్రకటనలు ఇవ్వడమే 1992 నాటి చట్టం, 2003 సవరణల ప్రకారం నిషేధం. కాబట్టి ఎక్కడైనా ప్రకటన కనిపించి కొంటున్నామంటే అనుమానించాల్సిందే.

హిమోగ్లోబిన్ 9.4కు తిండి ఒక్కటే సరిపోదు. డాక్టరు కిలో బరువుకు 3 మిల్లీగ్రాముల లెక్కన రెండు నెలలు రోజూ ఐరన్ సిరప్ రాశారు. పాలతో కలిపి ఇవ్వొద్దని, నాలుక వెనక భాగంలో చుక్కలుగా వేసి తరువాత పళ్లు తుడవమని, విరేచనం నల్లగా వస్తే కంగారుపడొద్దని ముందే చెప్పాం. చెప్పకపోతే మూడో రోజుకు ఆపేస్తారు. దానికి తోడు ఉడికించిన గుడ్డు పచ్చసొనతో మొదలుపెట్టి వారంలో పూర్తి గుడ్డు, వారానికి రెండు మూడుసార్లు మెత్తగా ఉడికించి నూరిన కోడిమాంసం, జావలో నాలుగు చుక్కల నిమ్మరసం.

అంగన్‌వాడీ నుంచి వచ్చే బాలామృతం ఈ ఇంట్లో పశువుల కుడితిలో కలుస్తోందని రెండో నెలలో గానీ తెలియలేదు. వేయించిన గోధుమ, శనగపప్పు, పాలపొడి, నూనె, చక్కెరతో చేసి విటమిన్లు, ఖనిజాలు కలిపిన పిండి అది. నెలకు రెండున్నర కిలోలు, ఏడు నెలల నుంచి మూడేళ్ల దాకా. తీపి ఉందన్నది నిజమే. కానీ డబ్బా కొనలేని నెలలో ఇనుము కలిపిన తిండి చేతికి ఉచితంగా అందుతున్నప్పుడు దాన్ని కాదనడానికి కారణం కనిపించలేదు. నెల చివర్లో ఆ ఒక పూటకు అదే వాడమన్నాం. ముందే అడిగి ఉండాల్సింది.

ఫలితం

తొమ్మిది నెలలకు 7.3 కిలోలు, పది నెలలకు 7.7, ఏడాదికి 8.3. రెండు నెలల సిరప్ తరువాత హిమోగ్లోబిన్ 11.1. మళ్లీ విరేచనాలు కాలేదు. అయితే అన్నీ కుదరలేదు. తీపి లేని రాగి జావను పాప ఏడాది నిండాక కూడా ఉమ్మేస్తూనే ఉంది. అది వదిలేసి బియ్యం, పప్పు, గుడ్డు, ఇంట్లో అందరూ తినే పప్పన్నంతో ముందుకెళ్లాం.

ఈ కేసు తరువాత మా దగ్గర మారినవి

"డబ్బాదా, ఇంటిదా" అని అడిగినవాళ్లకు ముందు చెంచా ఎత్తి చూపించమంటున్నాం. చెంచా వీపు మీద పూత నిలవకపోతే ఏదైనా ఒకటే. సలహా పత్రంలో తల్లి పేరు పక్కన పగలు పెట్టేవాళ్ల పేరు కోసం ఒక గీత చేర్చాం. మార్పులు ఒకటి తరువాత ఒకటి, ముందు గిన్నె, తరువాత చిక్కదనం, చివరికి రుచి. మొలకల పిండి కాగితంలో "వేయించవద్దు" అన్న మాట ఎర్ర అక్షరాల్లో ఉంది. కొనడం ఇష్టం లేని ఇళ్లలో ఇనుము ఎక్కడి నుంచి వస్తుందో అడగకుండా "ఇంటిదే మంచిది" అని పంపడం లేదు. కొనేవాళ్లతో నెల ఖర్చు లెక్క కాగితం మీద వేయిస్తున్నాం, ఎందుకంటే పది డబ్బాలు కొనలేని ఇంట్లో రెండు డబ్బాలు నెలంతా లాగుతారు. వచ్చిన ప్రతి కుటుంబాన్ని అడిగే మొదటి ప్రశ్న ఇప్పుడు ఇది: డబ్బా ఎప్పుడు విప్పారు, ఎప్పుడు అయిపోయింది?